ఆకుపచ్చ రంగు

"మా ఇంటిని ఆ ఎర్రరంగులోంచి తీసేయండి సార్. మీ మ్యాపు చూసి ఇన్సూరెన్సు వాళ్లు పాలసీ ఆపేశారు," అంది షాహీదా.

మైలవరం దగ్గర కొండవార ఇల్లు ఆమెది. కార్చిచ్చు ప్రమాదం ఎక్కడెక్కడ ఉందో సర్వే చేసి ఆ మ్యాపు తయారుచేసిన అధికారి అచ్యుతరామారావు.

"ఇదివరకు ఇంకో ఊళ్లో ఒకావిడ ఇలాగే బతిమాలిందమ్మా. జాలిపడి ఆకుపచ్చ వేశాను."

"పాలసీ వచ్చిందా?"

"వచ్చింది. ఆ ఎండాకాలమే కొండ అంటుకుంది. అందరూ పారిపోతుంటే, గవర్నమెంటే భయం లేదందిగా అని ఆవిడ ఇంట్లోనే ఉండిపోయిందట."

ఆయన తలెత్తలేదు.

"ఇప్పటికీ కలలోకొచ్చి అడుగుతుంది, నిజంగా భయం లేదా సార్ అని."

షాహీదా అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"మా అత్తగారు మంచం మీద ఉన్నారండీ. ముందు ఆమెను ఊళ్లోకి మార్చాలి," అంటూ లేచింది.