ఊర్మిళ హాజరు

బడులు మూసేశాక పిల్లలందరూ ఇళ్లలోంచే, ఫోన్లలో తమ ముఖాలకు బదులు బొమ్మ ముఖాలు పెట్టుకుని నా క్లాసు గ్రూపులోకి వస్తున్నారు. మూడు రోజులు హాజరు పడని బిడ్డ పేరును ఆ పాడు గ్రూపు దానంతటదే తీసేస్తుంది. దానికి సెలవూ తెలీదు, చావూ తెలీదు. ఆ బిడ్డ పెట్టిన పాటలు, మాటలు, ఫొటోలు అన్నీ పేరుతోపాటే పోతాయి.

నాలుగో తరగతి ఊర్మిళ జ్వరంతో పోయి పది రోజులైంది. అయినా ఆమె రెండు జడల బొమ్మ రోజూ నవ్వుతూ వస్తోంది. హోంవర్కు కూడా పెడుతోంది. ఊర్మిళ ఒత్తులు ఏనాడూ తప్పలేదు. ఇప్పుడేమో 'అమ్మ'ను 'అమ' అని రాస్తోంది.

ఎవరో తెలుసుకుందామని ఈ ఉదయం బటన్ నొక్కకుండా నోటితో హాజరు పలకమన్నాను.

"ఊర్మిళా!"

బొమ్మ నవ్వుతూనే ఉంది. దాని వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"మా పాప వచ్చినాదండి, టీచరమ్మా."

పిల్లలెవరూ నవ్వలేదు. నేను హాజరు వేశాను. లెక్కల పాఠం పక్కన పెట్టి, "ఇవాళ ఒత్తులు నేర్చుకుందాం. అందరూ 'అమ్మ' అని రాయండి," అన్నాను.

తెర మీద ఒక్కో గడిలో 'అమ్మ' వచ్చి చేరింది. ఊర్మిళ గడి మాత్రం చాలాసేపు ఖాళీగానే ఉండిపోయింది.