ఎడమ వైపు

మూడో హెడ్‌ఫోన్ కూడా మినెగిషికి నచ్చలేదు.

తల మీంచి తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎడమ వైపు మోత పలచగా ఉందన్నాడు. పై స్వరాలు గాజుగ్లాసు మీద చెంచా తగిలినట్టు మోగాల్సింది పోయి, తడిగుడ్డ కప్పినట్టు వస్తున్నాయన్నాడు.

షాపు అమ్మాయి సెనో నడుం వంచి క్షమాపణ చెప్పుకుంది. అదే రకంలో ఇంకో కొత్త పెట్టె విప్పి తెస్తానంది. కొనడానికొచ్చిన మనిషి మాట తప్పని చెప్పడం ఆమెకి ఉద్యోగం నేర్పలేదు.

ఎలక్ట్రానిక్ సామాన్ల పేట అకిహబరాలోని ఆ షాపుకి కొనేవాళ్ళకంటే వినేవాళ్ళే ఎక్కువ వస్తారు. శనివారమైతే కుర్చీ ఖాళీ ఉండదు. ఎవరి పాట వాళ్ళు తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, గంటల తరబడి వింటారు. ఒకరినొకరు పలకరించుకోరు. దగ్గినా తప్పే అక్కడ.

మినెగిషి పియానోలు శ్రుతి చేస్తాడు. పేరున్న కచేరీ హాళ్ళవాళ్ళు అతన్నే పిలిపిస్తారు. తన చెవులంటే అతనికి గర్వం.

అతనికి ఎదురుగా ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన చేతిలో హెడ్‌ఫోన్ లేదు. వినడానికి పాటా తెచ్చుకోలేదు. వచ్చిన దగ్గర్నుంచీ మినెగిషి ముఖంలోకే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

అలా చూడొద్దని మినెగిషి తలవంచుకునే ఒకసారి కసిరాడు. ముసలాయన చూపు తిప్పలేదు.

సెనో నాలుగోది తెచ్చింది. మినెగిషి పెట్టుకున్నాడు. ఎడమ డిప్పని అరచేత్తో చెవికి అదుముకున్నాడు. ముఖం చిట్లించి తీసేశాడు.

"హెడ్‌ఫోన్ బాగానే ఉంది" అన్నాడు ముసలాయన.

ఆ గొంతుకి ఆ అంతస్తంతా తల తిప్పి చూసింది. అంత పెద్ద గొంతు.

"నిన్ను అడిగానా?" అన్నాడు మినెగిషి.

"నాలుగింటికీ ఎడమ పక్కే నొక్కుకున్నావు. నాలుగూ ఒకేలా చెడిపోవు. వెళ్ళి చెవి చూపించుకో."

మినెగిషికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఆ చెవిని ఒక్కరూ వేలెత్తి చూపలేదు.

"నా చెవిని నమ్ముకుని పెద్ద పెద్దవాళ్ళు స్టేజీ ఎక్కుతారు. కొనే తాహతు లేక ఇక్కడ కుర్చీలు అరగదీసేవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

ముసలాయన లేచి వచ్చాడు. బల్ల మీది హెడ్‌ఫోన్ తీసి, కుడి ఎడమలు మార్చి, మినెగిషి తలకి తగిలించబోయాడు.

"ఇలా తిప్పి పెట్టుకుని విను. అప్పుడు కూడా ఎడమ పక్కే తగ్గితే తప్పు దీనిది కాదు, నీది."

పరాయివాడి చెయ్యి తల మీద పడేసరికి మినెగిషి విదిలించి కొట్టాడు. హెడ్‌ఫోన్ నేల మీద పడింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ఈయనుంటే తను మళ్ళీ ఈ మెట్లు ఎక్కనన్నాడు మినెగిషి. మేనేజరు పెద్దగా ఆలోచించలేదు. ఒకడు కొనడానికొచ్చినవాడు, రెండోవాడు ఏనాడూ ఏదీ కొననివాడు. ముసలాయన్ని లిఫ్టు దాకా నడిపించి, ఇకమీదట రావద్దని చాలా మర్యాదగా చెప్పాడు.

తలుపులు మూసుకుంటుండగా కూడా ఆయన అరుస్తూనే ఉన్నాడు.

"ఇవాళే వెళ్ళు. రేపనుకోకు."

"ముసలితనం, పిచ్చి, రెండూ ముదిరాయి" అన్నాడు మినెగిషి. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ రోజు అతను ఏమీ కొనలేదు. వేరే షాపులో వేరే కంపెనీవి విన్నాడు. అక్కడా ఎడమ వైపు పలచనే. ఈమధ్య అందరూ నాసిరకం సరుకే చేస్తున్నారని భార్య దగ్గర విసుక్కున్నాడు.

వానలు మొదలయ్యాయి. ఒక కచేరీకి ముందు, పియానో వాయించే ఆవిడ పై స్వరాలు సరిగా కలవలేదని మెల్లగా చెప్పింది. అతను మళ్ళీ శ్రుతి చేశాడు. ఆవిడ మళ్ళీ తల అడ్డంగా ఊపింది. చివరికి హాలువాళ్ళు ఇంకొకరిని పిలిపించారు. అతను సామాను సంచీ సర్దుకుంటుండగానే ఆ వచ్చినవాడు పని మొదలుపెట్టాడు.

ఆస్పత్రిలో చెవులు పరీక్ష చేశారు. ఎడమ చెవికి పై స్వరాలు దాదాపు అందడమే లేదు.

ఈ జబ్బు ఉన్నట్టుండి వస్తుందని, మొదట్లోనే మందు పడితే చాలామందికి కొంతైనా తిరిగి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడిక ఆశ పెట్టుకోవద్దంది.

"పక్కన ఎవరూ కనిపెట్టి చెప్పలేదా?" అని అడిగింది.

మినెగిషి కుర్చీలోంచి లేచాడు.

అక్కణ్ణుంచి తిన్నగా అకిహబరా వెళ్ళాడు. సెనో అతన్ని గుర్తుపట్టి వంగి నమస్కరించింది. ముఖంలో నవ్వు మాత్రం లేదు. ఆ పెద్దాయన్ని కలవాలి, కాళ్ళ మీద పడైనా క్షమాపణ అడగాలి అన్నాడు మినెగిషి.

"రావడం లేదండీ. మనమే కదా రావద్దన్నది."

ఆయన ఉండేదెక్కడో తెలియదంది. పోయిన వారం ఆ హెడ్‌ఫోన్ కంపెనీవాళ్ళు వచ్చి ఆయన గురించే అడిగారట. తొగాషి గారు ఇల్లు కదలడం మానేశారు, ఇక్కడేమైనా జరిగిందా అని. మేనేజరు నేల చూపులు చూశాడట.

"కంపెనీవాళ్ళకి ఆయనతో పనేమిటి?"

సెనో మేనేజరు వైపు ఓసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ఎడమ చెవి పోయినప్పుడు ఆయన కూడా హెడ్‌ఫోన్‌లోనే లోపం ఉందనుకుని, నెలల తరబడి దాన్నే విప్పి చూస్తూ కూర్చున్నారటండీ. తర్వాత కుడిదీ పోయింది. మీరు ఆ రోజు విన్నవన్నీ తయారుచేసింది ఆయనే, ఎలా మోగుతున్నాయో తనకి వినబడక, వినేవాళ్ళ ముఖాల్లో చూసుకుందామని వచ్చేవారట."