నలభై ఒకటో భాగం

"మీ గొంతుకేమైంది?" మెట్ల దగ్గరే నిలబెట్టి అడిగింది తల్లి.

పైగదిలోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ మెడ చుట్టూ మఫ్లరు సర్దుకుంది. ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, వేడినీళ్ల ఫ్లాస్కుతో పైకి వెళ్లిపోయింది.

తల్లికి అనుమానం మొదలైంది.

ఇంత ఎండలో మఫ్లరేమిటి? ఎప్పుడు మాట్లాడినా ఆ గుసగుసలేమిటి?

కింద గదిలో కూతురు కళ్లకు కట్టుతో పడుకుని ఉంది. ఆపరేషనై వారమైంది. దగ్గకూడదు, ఏడవకూడదు, కుట్లు కదులుతాయి అన్నాడు డాక్టరు.

మొదటి మూడు రోజులూ పిల్ల ఏడుస్తూనే ఉంది.

తర్వాత ఫోన్లో నవల దొరికింది. ఎప్పటిదో పాత నవల. ఎవరో ఆవిడ రోజుకో భాగం చదివి పెడుతోంది. పిల్ల ఏడుపు మానేసింది.

"ఎవరే ఈవిడ?"

"పేరు చెప్పదమ్మా. చదువుతుందంతే."

"పేరు దాచుకుందంటే ఏం చేసొచ్చిందో!"

"అమ్మా, నువ్వు చొక్కాలు కుట్టుకో."

చుట్టుకోసారి కిర్రుమనే మిషను మీద చొక్కాలు కుడుతూనే తల్లి చెవి అటు పడేసింది. పుస్తకం మొహం చూడని మనిషి, నాలుగో రోజుకి తనే అడిగింది.

"ఆ పడవవాడు ఒడ్డు చేరాడా?"

పైనావిడ మాత్రం రోజురోజుకీ భయపెట్టింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. గోడకు పరుపు నిలబెట్టింది. ఒకరోజు కిందికొచ్చి, మధ్యాహ్నం ఓ గంట మిషను ఆపుతారా అని గొంతు పెగలనట్టు అడిగింది.

"పట్టపగలు చీకట్లో పడకట! జబ్బే, సందేహం లేదు," పక్కింటావిడతో అంది తల్లి.

"అడిగితే పోలా?"

"అడిగితే మాత్రం నిజం చెబుతుందా, వదినా?"

మర్నాడు మధ్యాహ్నం కూతురు దగ్గింది. ఒక్కసారే.

తల్లి మిషను ఆపి, గబగబా మెట్లెక్కి తలుపు బాదింది.

"రేపు పొద్దున్నే ఖాళీ చేసెయ్యండి. కింద మా పిల్లకి కళ్ల ఆపరేషనైంది. మీ జబ్బు దానికి అంటుకుంటే నేనేమైపోవాలి?"

ఆవిడ మఫ్లరు బిగించుకుంది.

"పాపను జాగ్రత్తగా చూసుకోండి," అంది మెల్లగా.

మర్నాడు ఆవిడ వెళ్లగానే తల్లి ముక్కుకి గుడ్డ కట్టుకుని, సాయంత్రం దాకా ఆ గది కడిగింది.

ఆ తర్వాత ఐదు రోజులు గడిచాయి.

"నలభై రెండో భాగం రాలేదమ్మా." కూతురి గడ్డం వణికింది.

"ఏడవకే, నా తల్లివి కదూ! పాపం ఆవిడకేమైందో. ఏ బస్సు కిందైనా..."

"అపశకునం మాటలు ఆపు. పడవ నది మధ్యలోనే ఉండిపోయింది."

"చివరిది పెట్టవే, నేను వినలేదు. పైన గది కడుగుతున్నానుగా ఆరోజు."

"పూర్తి కాకుండానే పెట్టేసింది. మధ్యలో ఎవరో తలుపు బాదుతారు, అంతే, ఆగిపోతుంది."

కూతురు తడుముకుంటూ ఫోను నొక్కింది.

తల్లి రెండు మాటలు వినీ వినగానే మిషను వైపు చూసింది.

అది ఆగే ఉంది. ఫోన్లో మాత్రం, ఆ నిండైన గొంతు వెనకాల సన్నగా, చుట్టుకోసారి కిర్రుమంటూ నడుస్తోంది.