దూడ వాటా

గుంట మగ్గంలోంచి లేస్తూ జారిపడ్డ అలివేలుకు మణికట్టు విరిగింది. "ఎముకలు గుల్లబారాయి. పాలు తాగాలమ్మా" అంది గద్వాల డాక్టరమ్మ.

దూడల తరఫున ఊరంతటితో కొట్లాడే భర్త సీతారాములు కుదురుగా ఉండలేకపోయాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"పాలు దూడయి మేడం! ఒకరి వాటా ఇంకొకరు గుంజుకునుడు మా ఇంట్ల బంద్. తైదల అంబలి, నువ్వుల పొడి, మునగాకు... గిండ్లల్ల కాల్షియం లేదా? నా ఎముకలు సూడుండ్రి, ఇనుము!"

"ఉంది. ఆ రాగులు, నువ్వులు, మునగాకు చాలినంత తింటే పాలు అక్కర్లేదు." డాక్టరమ్మ అలివేలు వైపు తిరిగింది. "మరి నువ్వు తింటున్నావా?"

"ఆయన తిన్నంక మిగిల్తే తింట మేడం."

"మిగులుతుందా?"

అలివేలు కాస్త గర్వంగానే నవ్వింది. "నేను మంచిగ వండుత. ఏడ మిగుల్తది?"