పేరున్న ముక్క

"పేరున్న వైపు పారేయకు తమ్ముడూ."

మాత్రల రేకు కత్తిరిస్తున్న మందుల షాపాయన చేతిలో కత్తెర ఆగింది. మళ్లీ దాపురించింది మచ్చలావిడ!

ముఖం, మెడ, చేతులు, అంతటా నల్లటి మచ్చలు. ఎండ ఉన్నా లేకున్నా కళ్లకు నల్లద్దాలు. ఏమీ కొనదు. రోజూ పొద్దున్నే వచ్చి కౌంటరు చివర నిలబడుతుంది.

"ఆరు మాత్రలడిగితే ఆరు కత్తిరించి ఇస్తా. పేరు ఎటు పోతే నీకెందుకమ్మా?"

"మందు పడకపోతే ఒళ్లంతా పొక్కిపోతుంది. ఏం మాత్ర వేసుకున్నామో డాక్టరుకు చెప్పుకోవాలిగా!"

మాత్రలు కొనడానికొచ్చిన పెద్దాయన ఆవిడ వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అంటుకునే జబ్బా ఏమిటి?"

షాపాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తల్లీ, నీకో దండం! నా బేరాలు చెడగొట్టకు. రేపట్నుంచి ఈ ఛాయలకు రాకు."

ఆవిడేమీ నొచ్చుకోలేదు.

"రానులే. ఆయనకు మాత్రం పేరున్న ముక్క ఇవ్వు."

అన్నమాట ప్రకారం మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు షాపాయన.

రెండు నెలలకు ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. షాపులో మిగిలిన ముక్కలన్నీ వేసే డబ్బాలోంచి ఒకటి తీసి ఇంటికి తెచ్చాడు.

నాలుగు రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది. పెదాలు పుండ్లయ్యాయి, కళ్లు ఎర్రబడ్డాయి.

"వేడి చేసిందిలే," అని మరో రెండు రోజులు అవే మాత్రలు తనే దగ్గరుండి మింగించాడు మహానుభావుడు. మూడోనాటికి చర్మం బొబ్బలెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ రేకు ముక్కను అటూ ఇటూ తిప్పింది.

"దీని పేరేమిటండీ?"

"తెల్లగా... గుండ్రంగా ఉంటుందండీ," అన్నాడు, పాతికేళ్లుగా మందులమ్ముతున్న మనిషి.

మంచం మీంచి భార్య మెల్లగా అంది: "చిన్నప్పుడు నాకొక మాత్ర పడలేదు. దాని పేరు నాకు గుర్తే. మీరిచ్చిన ముక్క మీద పేరు లేదుగా! మీరూ ఎప్పుడూ అడగలేదు."

మళ్లీ అంది: "ఏవండీ, కాస్త కిటికీ తెరవండి. అంతా చీకటిగా ఉంది."

కిటికీ తెరిచే ఉంది. గది నిండా ఎండ.

ఆయన గుండె చెరువైంది. డాక్టరమ్మ తన గదికి వెళ్తుంటే వెనకాలే వెళ్లాడు.

"నాకు ముందే చెప్పిందండీ ఒకావిడ. వినలేదు. ఒళ్లంతా మచ్చలు, నల్లద్దాలు..."

"ఆవిడా! ఇదే జబ్బు. ఆరేళ్లు నా దగ్గరే చూపించుకుంది. పోయిన నెలలో పోయింది."

డాక్టరమ్మ బల్ల సొరుగు తెరిచింది.

"మాత్రలిచ్చిన షాపు మీద ఫిర్యాదు చేయమంటే విన్నది కాదు. 'పాపం, తెలియక ఇచ్చాడు. తెలిసేదాకా నేనే పోయి చెప్తా' అంది."

డాక్టరమ్మ సొరుగులోంచి నలిగిన కాగితం కవరొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

లోపల పేరులేని రేకు ముక్క ఉంది. కవరు మీద ఆయన షాపు పేరుంది.