విడిచి వెళ్ళగలిగే ఇల్లు

వాన వెలిశాక నత్త, పీత కలిసి ఇసుకదిబ్బల మీదికి షికారు బయల్దేరాయి. నత్త ఇల్లు వీపుకే అతుక్కుని ఉంది. పీతేమో సన్యాసి పీత; దాని ఇల్లు ఎవరో వదిలేసిన గుల్ల.

"షికారులో కూడా ఇల్లు మోయాలా వదినా? నన్ను చూడు," అంటూ పీత గుల్లని ఇసుకలో విడిచేసి, తేలిగ్గా అలలదాకా పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి గుల్లలోంచి ఓ పిల్లపీత తొంగిచూసింది. "ఖాళీగా ఉంటే దూరాను అత్తా. నువ్వూ ఇలాగే దూరావని అమ్మ చెప్పింది."

పీత మెత్తటి ఒళ్ళు కప్పుకోడానికి ఎండుటాకు వెతుక్కుంటూ, నత్త ఇప్పుడు నవ్వుతుందనుకుంది.

నత్త నవ్వలేదు. పీత ఒళ్ళు కనపడకుండా తన కళ్ళు రెండూ లోపలికి ముడుచుకుంది.

"కప్పుకున్నాక చెప్పు వదినా, నెమ్మదిగా నడుద్దాం," అంది.

ఆకు దొరికాక కూడా పీత చాలాసేపు చెప్పలేకపోయింది.