చివరి పేజీలో పేరు

“ఆ అర్జీ మళ్ళీ తెచ్చారు కదూ, అమ్మగారూ?” అన్నాడు యోమ్ దోక్సు, ఆవిడ చేతిసంచీ ఇంకా కింద పెట్టకముందే.

“పుస్తకం కూడా తెచ్చాను,” అంది భిక్షుణి మ్యోజిన్, అడుగునుంచి వేడిచేసిన వెచ్చటి నేలమీద కూర్చుంటూ.

“పుస్తకం ఇలా ఇవ్వండి. అర్జీ మీ దగ్గరే ఉంచుకోండి.”

మూడేళ్ళుగా నెలకోసారి ఇదే తంతు. ఉరిశిక్ష రద్దు చేయమని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి జనం చేత అర్జీమీద సంతకానికి బదులు పేరు ముద్రలు వేయిస్తోంది. దేశంలో ఎవరినైనా ఉరితీసి చాలా ఏళ్ళయింది గానీ చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. పైవాళ్ళకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తాడు కిందికి దిగవచ్చు. దోక్సు ముప్పై ఏళ్ళు జడ్జిగా చేసినవాడు, నలుగురికి ఉరిశిక్ష వేసినవాడు. అలాంటివాడి ముద్ర ఒక్కటి పడితే చట్టసభలో వందమంది పెట్టు అని ఆవిడ ఆశ. పడనిచ్చేది లేదని ఈయన పంతం. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

అరవై ఐదో ఏట చూపు పోతే దోక్సు వేళ్ళతో మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నాడు. గుడి గ్రంథాలయం నుంచి మ్యోజిన్ తెచ్చే బ్రెయిలీ పుస్తకాలే ఇప్పుడాయనకు లోకం. అన్నీ ఒకే మనిషి చుక్క చుక్కా పొడిచి తయారుచేసినవి. ఎక్కడా తప్పు దొర్లదు. బొమ్మ ఉన్నచోట అందులో ఏముందో తనే రాసి చెబుతాడు: ‘ఇక్కడొక కొంగ ఒంటికాలిమీద నిలబడి నీళ్ళకేసి చూస్తోంది.’ ప్రతి పుస్తకం చివరి పేజీలోనూ ఒకటే వాక్యం: ‘ఈ పని పుణ్యం మిన్ ఓక్బున్ గారికి చెందుగాక.’ ఆ ఓక్బున్ ఆయన తల్లి అయివుంటుందని దోక్సు ఎప్పుడో తేల్చేశాడు. తీర్పులివ్వడం అలవాటైన ప్రాణం మరి.

“ఈ మహానుభావుడి దగ్గరికి నన్నొకసారి తీసుకెళ్ళండి, అమ్మగారూ. దణ్ణం పెట్టుకుంటాను.”

“అంత తేలిక కాదండీ. ఆయన గది దాటి రారు.”

“ఎన్నాళ్ళుగా?”

“ఇరవై ఒక్క ఏళ్ళు. చిన్న గది, బయటినుంచి తాళం. అన్నం తలుపు సందులోంచి అందుకుంటారు.”

దోక్సు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. గదిలో కూర్చుని, బయటినుంచి తాళం వేయించుకుని, గోడకంతలోంచి వచ్చిన అన్నం తింటూ తపస్సు చేసే భిక్షువులు కొండమీది మఠాల్లో ఉంటారు. మూడేళ్ళు ఉంటేనే గొప్పగా చెప్పుకుంటారు.

“ఇరవై ఒక్క ఏళ్ళా! ఏ మఠం?”

మ్యోజిన్ ఏదో చెప్పబోయింది.

“వద్దు, చెప్పకండి. తపస్సులో ఉన్నవాళ్ళ ఆచూకీ అడక్కూడదు,” అని ఆయనే అడ్డుపడ్డాడు. “అదీ మనిషంటే. మీరు వెనకేసుకొచ్చే హంతకులూ ఉన్నారు, ఎందుకు! ముప్పై ఏళ్ళు వాళ్ళ కళ్ళల్లోకి చూశాను. మారరు.”

“తీర్పిచ్చాక మళ్ళీ ఒక్కణ్ణయినా చూశారా?”

“నాకేం పని?”

“మరి మారలేదని ఎలా తెలిసింది?”

“మీరు కోర్టులో ఉండాల్సింది, పొరపాటున గుడిలో పడ్డారు,” అని నవ్వాడు దోక్సు. అంతలోనే ఆయన గొంతు గట్టిపడింది. “సరే, చంపినవాడి ప్రాణం గురించి ఇంతమంది తిరుగుతున్నారు. చచ్చినవాళ్ళ మాటేమిటి? వాళ్ళని తలుచుకునేవాడేడీ?”

“వాణ్ణి కూడా చంపేస్తే ఆ తలుచుకునేవాడు ఒకడు తగ్గుతాడు, జడ్జిగారూ. చేసినదాని బరువు మొయ్యాలన్నా మనిషి బతికుండాలి. బుద్ధుడు ఎవరి మొహాన తలుపు వేశాడు, మనం వెయ్యడానికి?”

దోక్సు బార్లీ టీ గిన్నె కింద పెట్టాడు.

“ఒక పందెం. ఈ పుస్తకాలాయన్నే అడుగుదాం. ముద్ర వెయ్యమంటే వేస్తాను. వద్దంటే ఈ అర్జీ మళ్ళీ నా గడప తొక్కకూడదు.”

ఎప్పుడూ ఠక్కున బదులిచ్చే మ్యోజిన్ ఈసారి అర్జీని మడిచి సంచీలో పెట్టుకుంది.

“ఆయన్ని ఈ మాట అడగడం న్యాయం కాదండీ.”

“భయమేసిందా?”

“రాయండి. తీసుకెళ్తాను,” అంది చివరికి.

దోక్సు తనే చుక్కలు పొడిచి ఉత్తరం రాశాడు. తన పేరు, ఒకప్పటి హోదా, పందెం సంగతి అన్నీ రాసి, చివర ఇంకో ప్రశ్న చేర్చాడు: ‘ఓక్బున్ గారు మీ అమ్మగారా? ఆవిడ పేరున నేను కూడా గుడిలో దీపం పెట్టిస్తాను.’

పదోరోజున మ్యోజిన్ జవాబు తెచ్చింది. దోక్సు వేలు వరసల వెంట నెమ్మదిగా కదిలింది.

‘జడ్జిగారికి నమస్కారం. ముద్ర వెయ్యమనడానికి గానీ వద్దనడానికి గానీ నాకు అర్హత లేదు. నా మాట మీద వెయ్యకండి, నా మాట లేదని మానకండి. పేజీలో ఒక్క చుక్క తప్పు పడితే ఆ కాగితం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెడతాను. పాడైన కాగితం బాగుపడదు. కానీ ఆ చెయ్యి తర్వాత కాగితం మీద తప్పు చెయ్యకుండా నేర్చుకుంటుంది. నాకు తెలిసింది ఇంతే.’

దోక్సు అక్కడితో వేలు ఆపి కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఒక్కమాట అని ఉంటే పందెం మీరే గెలిచేవారు. అనలేదు చూశారా,” అన్నాడు. ఇంతకాలం తను అనుకున్నదంతా ఈ నాలుగు వరసల ముందు తేలిపోయినట్టనిపించింది. సొరుగు తీసి ముద్ర అందుకుని ఎర్రసిరాలో అద్దాడు. “ఎక్కడ వెయ్యాలో చూపించండి.”

మ్యోజిన్ అర్జీని వెనక్కి లాక్కుంది.

“ఉత్తరంలో ఇంకో వాక్యం ఉందని ఆయన చెప్పారు, జడ్జిగారూ.”

“తర్వాత చదువుకుంటాను.”

“కాదు. అది చదివాకే వెయ్యండి. తెలియక వేసిన ముద్ర నాకొద్దు.” మూడేళ్ళు తిరిగి తిరిగి సాధించినదాన్ని ఆవిడ చేజేతులా ఆపేసింది.

దోక్సు ఎడమచేతిలో ముద్ర అలాగే పట్టుకుని, కుడిచేతి వేలిని అట్టడుగు వరసమీద పెట్టాడు.

‘ఓక్బున్ గారు మా అమ్మ కాదండీ, ఆవిణ్ణి చంపినందుకే మీరు నాకు ఉరిశిక్ష వేశారు.’